పోసవ్వ పట్టిన పాలబొట్టు

“నిన్నటికంటే నలభై గ్రాములు తగ్గింది. నా పాలు చాలడం లేదు. ఇట్లా రోజూ తగ్గుతూ పోతే పాప ఏమైపోతుంది?”

ఆ మాటలు పైకే అన్నానని నాకు తెలియదు. సైన్సు ల్యాబులో ఎవరూ లేరనుకున్నాను. సెలవు రోజు, పైగా మూడు రోజులుగా ముసురు. కెమిస్ట్రీ వాళ్ల ఐదు కిలోల కాంటా మీద తువ్వాలు పరిచి, నా కూతురు వైశాలిని దాని మీద పడుకోబెట్టి, అంకెలు కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మూడు వేల మూడు వందల పది. పాపను భుజాన వేసుకొని, నోట్‌బుక్ కోసం గబగబా నాలుగడుగులు వేశాను.

“జర మెల్లగ నడువుండ్రి మేడం. పూస వోతది.”

ల్యాబు చివరనున్న చీకటి గదిలోంచి వచ్చింది ఆ గొంతు. పోసవ్వది.

పోసవ్వ మా కాలేజీలో అటెండర్. యాభై ఆరేళ్లుంటాయి. పిల్లలు ఆమెను లేజరవ్వ అంటారు. చాటున అంటున్నామనుకుంటారు గానీ ఆమెకు తెలుసు, పలుకుతుంది కూడా. బాన్సువాడలో ఈ కాలేజీలో నేను ఫిజిక్స్ చెప్పబట్టి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో ఆ చీకటి గదిలోకి నాలుగైదుసార్లు తొంగిచూసి ఉంటాను. లోపల ఏముందో తెలుసు. పుస్తకంలో చదివాను, బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకు చెప్పాను, రెండు మార్కుల ప్రశ్నగా ఇచ్చాను. కూర్చుని చూడటం మాత్రం ఎప్పుడూ జరగలేదు.

ఆ రోజు లోపలికి వెళ్లాను. వైశాలి పుట్టి యాభై రెండు రోజులు. మూడు వారాల ముందుగా, రెండు కిలోల మూడు వందల గ్రాములతో పుట్టింది. ప్రసూతి సెలవులో ఉన్నాను. మా కిరాయి ఇల్లు కాలేజీ వెనక సందులోనే కాబట్టి, పుట్టింటి నుంచి వచ్చిన మూడు వారాలుగా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పాపను చీర చెంగులో చుట్టుకొని ల్యాబుకు తెచ్చి తూచి, అంకె రాసుకొని వెళుతున్నాను. దవాఖానలో పిల్లల డాక్టరమ్మ చూసి, “తాగుతున్నది, తడుపుతున్నది, పండుకుంటున్నది. ఫికర్ లేదు,” అంది. మా అత్తమ్మ భాగ్యవతి నా పాలు చెంచాలో పట్టి కిటికీ దగ్గర వెలుతురులో చూసి, “నీళ్లోలె ఉన్నయి,” అంది. రెండు మాటలూ ఒకే రోజు విన్నాను. నాకు అత్తమ్మ మాటే గుర్తుండిపోయింది.

చీకటి గది పదడుగుల గది. కిటికీలకు నల్ల కాగితం అంటించి ఉంటుంది. మధ్యలో ఇనుప బల్ల, దాని మీద గాలి నింపిన నాలుగు స్కూటర్ ట్యూబులు, ఆ ట్యూబుల మీద మందపాటి షాబాద్ బండ. రోడ్డు మీద మద్నూర్ వైపు లారీ పోయినా ఆ అదురు బండ దాకా రాదు. బండ మీద మైక్రోస్కోపు, నల్ల రేకు గొట్టాల్లో మూసి ఉంచిన లేజరు, మూడు చిన్న అద్దాలు, మైక్రోస్కోపు చూసేది చూపించే ఒక తెర. గది తలుపు కింద తడిగుడ్డ చుట్టి పెట్టి ఉంది.

“బిడ్డ మొకం ఇటు దిప్పకుండ్రి. వెలుగు గొట్టంలనే ఉన్నది గని, చిన్న కండ్లు గద. గోడ దిక్కు కూసోండ్రి.”

కూర్చున్నాను. కాసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. తెర మీద మసక ఎరుపులో లెక్కలేనన్ని చిన్న చిన్న గుండ్రాలు మెల్లగా ఎటో కొట్టుకుపోతున్నాయి. అన్నీ పోతూనే ఉన్నాయి. మధ్యలో ఒక్కటి మాత్రం పోవడం లేదు.

“గదే పూస,” అంది పోసవ్వ. “పొద్దుగాల పట్టిన. ఇంక ఉన్నది.”

“సెలవు రోజు కూడా వచ్చావా?”

“వారం దినాలు ముట్టకుంటే అద్దాలు అలుగుతయి మేడం. పక్కకు జరుగుతయి. మల్ల దారికి తెచ్చేసరికి నా పానం వోతది.”

ఆ పూస నీళ్లలో వేసిన సన్నటి ప్లాస్టిక్ గుండు. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది. లేజరు వెలుగును కటకంతో ఒకచోట బిందువుగా కూర్చినప్పుడు, ఆ బిందువు దగ్గరకు వచ్చిన పారదర్శకమైన గుండు వెలుగును వంచుతుంది. వెలుగును పక్కకు వంచినందుకు గుండు దానికి ఎదురు దిక్కున చిన్న తోపు తింటుంది. అన్ని వైపుల తోపులూ కూడితే అది ఎప్పుడూ వెలుగు ఎక్కువున్న చోటికే జారుతుంది. దాన్ని ఏదీ ముట్టదు. పళ్లెంలోకి జారిన గోళీలా ఆ వెలుగులో ఉంటుంది. ఇదంతా నేను బోర్డు మీద చెప్పేదే. కానీ పోసవ్వ మైక్రోస్కోపు పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పినప్పుడు, తెర మీద నీళ్లూ, దుమ్మూ, మిగతా గుండ్లూ అన్నీ ఒక వైపు పారిపోతుంటే, ఆ ఒక్క పూస ఎటూ పోకుండా నిలబడింది. రైలు కిటికీలోంచి చూస్తుంటే పొలాలన్నీ వెనక్కు పోతూ చందమామ ఒక్కటే మనతో వస్తుంది. అలా ఉంది. వైశాలి నా భుజం మీద వేడిగా ఊపిరి విడుస్తోంది. పైన రేకుల మీద వాన సన్నగా పడుతోంది.

“బిడ్డను దినాం జోకుతున్నరా?” అంది పోసవ్వ తెర మీంచి చూపు తిప్పకుండానే.

“రోజుకు రెండుసార్లు.”

“బియ్యం గుడ అన్నిసార్లు జోకరు గద మేడం.”

నాకు కోపం రావలసింది. రాలేదు. ఆ గదిలో కోపం తెచ్చుకోవడానికి చోటు లేదు. మరో గంట అక్కడే కూర్చున్నాను. ఆమె తన సంగతులు చెప్పుకుంటూ పోయింది.

పోసవ్వ పుట్టింది ఇక్కడికి దగ్గరలోనే, నిజాంసాగర్ కాలువ ఒడ్డున. తొమ్మిదో ఏట నుంచి బీడీలు చేసింది. ఒడిలో చాట పెట్టుకొని, నానబెట్టిన తునికాకును అచ్చు ప్రకారం కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, చూపుడువేలు బొటనవేలు నడుమ ఒక్క మెలి తిప్పి, దారం చుట్టి పడేయడం. గట్టిగా చుడితే దమ్ము గుంజదు, వదులుగా చుడితే తంబాకు రాలిపోతుంది. రెండింటికీ కార్ఖానా మున్షీ తీసి పక్కకు పారేస్తాడు. “ఇంత అని చెప్పరాదు మేడం. ఏళ్లకే ఎర్క,” అంది. ఆమె ఏళ్లు అన్నది వేళ్లను.

పదహారో ఏట మేస్త్రీ పండరితో పెళ్లయింది. కూతురు పుట్టాక ఇద్దరూ హైదరాబాదులో ఒక యూనివర్సిటీ కొత్త భవనం కట్టే పనికి వెళ్లారు. భవనం పూర్తవుతుండగా పండరి పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతన్ని అక్కడే వాచ్‌మన్‌గా పెట్టుకున్నారు, ఆమెకు ఫిజిక్స్ అంతస్తు ఊడ్చే పని ఇచ్చారు. ఆ అంతస్తులో భానుప్రసాద్ సారు గది ఒకటుంది. దాన్ని ఎవరూ ఊడ్వకూడదు. దుమ్ము లేస్తే అద్దాల మీద పడుతుంది. మూడు నెలలు ఎవరూ ఊడ్వక గది చెత్తకుప్పయింది.

“నేనే అన్న. సారూ, ఊడ్సుడు వద్దు, తడిబట్ట ఏస్త, అన్న. కార్ఖానల తంబాకు లేస్తదని గట్లనే తుడుస్తుంటిమి గద. సారు నన్ను కింది నుంచి మీది దాంక చూసి, గీ మాట మాకెందుకు తట్టలే, అన్నడు.”

అలా ఆమె ఆ గదిలోకి వెళ్లింది. ఏడాదిపాటు తడిబట్ట వేస్తూ చూసింది. అక్కడ సుమన్ అని ఒక పరిశోధక విద్యార్థి ఉండేవాడు. ఒకసారి మూడు రోజులు అద్దం మర తిప్పుతూ కూర్చున్నాడు. వెలుగు బిందువు దగ్గరికి వస్తుంది, మళ్లీ జారిపోతుంది. నాలుగో రోజు అన్నం తినలేదు.

“నేను దిప్పన సారూ, అన్న. నవ్విండు. పోసవ్వా, ఇది బీడీ కాదు, అన్నడు. బీడీ కాదని నాకెర్కనే సారూ, నువ్వు జెర్ర తిప్పేకాడ శానా తిప్పుతున్నవ్, అన్న. ఇగ కోపమొచ్చి కుర్సీల కెళ్లి లేసిండు. తిప్పు మరి, అన్నడు.”

“తిప్పావా?”

“తిప్పిన. తిప్పినట్టు గుడ లేదు. ఏలు ఆనిచ్చిన. గంతే. తెర మీద పూస వచ్చి కూసున్నది. సుమన్ సారు బయటికి వోయి ఎంబటే రెండు చాయ్‌లు తెచ్చిండు. అప్పటిదాంక నాకెవ్వలు చాయ్ తేలే.”

తరువాత పద్నాలుగేళ్లు ఆ గదిలో అద్దాలు దారికి తేవడం ఆమె పనే. కాగితం మీద మాత్రం ఊడ్చే మనిషే. ఆ గదిలో వెలుగును ఎన్నో ఆకారాల్లోకి మలిచేవాళ్లు. ఒక్క వెలుగును చీల్చి ఇరవై బిందువులు చేసి, ఇరవై పూసలను వరుసగా నిలబెట్టేవాళ్లు. ఇంకోసారి వెలుగును మధ్యలో ఖాళీ ఉన్న ఉంగరంలా చేశారట. పూసలు ఆ ఉంగరం చుట్టూ ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. ఎవరూ తోలలేదు. “గానుగెద్దులోలె,” అంది పోసవ్వ. “బెల్లం బట్టి కాడ చూసినట్టే ఉండె. నాకైతే బెల్లం వాసన గుడ వచ్చింది.” ఆ మాట అన్నప్పుడు చీకట్లో ఆమె మొహం కనబడలేదు గానీ గొంతు చిన్నపిల్లదైపోయింది.

భానుప్రసాద్ సారు రిటైరయ్యాక గదిని కొత్త పనికి తీసుకున్నారు. పాత పరికరం తుక్కుకు పోవలసింది. సారు తనకు తెలిసిన మా కాలేజీకి ఇప్పించారు. డీసీఎం బండిలో హైదరాబాదు నుంచి వస్తుంటే అద్దాలన్నీ తన చీరల్లో చుట్టి, కటకాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చుంది పోసవ్వ. “అది ఇక్కడికొచ్చింది, నేను దాని ఎంట వచ్చిన,” అంటుంది. ఆమె పద్ధతి అందరికీ నచ్చదు. పిల్లలను మర ముట్టనివ్వదు. ముట్టబోతే వేళ్ల మీద స్కేలుతో కొడుతుంది. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు పిలిచి మందలించారు. రెండుసార్లూ తల ఊపి వచ్చి, మళ్లీ అదే చేసింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ తూచాను. మూడు వేల రెండు వందల తొంభై. మరో ఇరవై తగ్గింది.

అంతకు ముందు రాత్రి అన్నాల దగ్గర మా ఇంట్లో ఒక మాట అనుకున్నాం. అనుకున్నాం అంటే అత్తమ్మ అంది, నేను ఒప్పుకున్నాను. నా భర్త భూమేశ్ రుద్రూర్ వరి పరిశోధన కేంద్రంలో ఫీల్డ్ అసిస్టెంటు. ఆ సాయంత్రం బోధన్ పోయి పాలపొడి డబ్బా కొనుక్కొచ్చాడు. “డాక్టరమ్మ మంచిగున్నదన్నది గద శ్రీలతా,” అన్నాడు డబ్బా బల్ల మీద పెడుతూ. “డాక్టరమ్మ ఒక్క దినం చూసింది. మనం దినాం చూస్తున్నం,” అంది అత్తమ్మ. రేపు మూడు వేల మూడు వందల కంటే తగ్గితే డబ్బా మూత తీద్దాం అన్నాను నేను. నా నోటితో నేనే అన్నాను. ఒకసారి అది తాగడం మొదలుపెడితే పాప నా దగ్గర తాగడం తగ్గిస్తుందని, తాగడం తగ్గితే పాలు నిజంగానే తగ్గుతాయని నాకు తెలుసు. చదువుకున్నాను. తెలిసీ అన్నాను.

కాంటా ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వైశాలి లేచి ఏడ్చింది. పోసవ్వ తలుపు తీసి చూసింది.

“ఎంతున్నది?”

చెప్పాను. డబ్బా సంగతి కూడా చెప్పాను. ఏడ్చాను కూడా.

“లోపటికి రాండ్రి. ముందుగాల పోరికి పాలియ్యుండ్రి. అది మిమ్ములను చూసి ఏడుస్తున్నది.”

చీకటి గదిలో గోడ వైపు తిరిగి పాలిచ్చాను. పాప గుటకలు వినబడుతున్నాయి. పోసవ్వ తన పని తాను చేసుకుంటోంది. పాప వదిలాక చిన్న గాజు గిన్నె నా ముందు పెట్టింది.

“ఒక్క బొట్టు ఇయ్యుండ్రి.”

“దేనికి?”

“పూసలు అయిపోవచ్చినయి. పాలల్ల గుడ పూసలుంటయి గద. చూద్దాం మీ పాలు నీళ్లా, పాలా.”

ఒక్క బొట్టు పిండాను. ఆమె దాన్ని గిన్నెడు శుభ్రమైన నీళ్లలో కలిపి, అందులోంచి మళ్లీ ఒక్క చుక్క తీసి గాజుపలక మీద వేసి, పైన సన్నటి గాజు మూసింది. తెర వెలిగింది.

నేను ఊహించింది ఒకటి. చూసింది ఇంకొకటి. తెర నిండా గుండ్రాలు. పెద్దవి, చిన్నవి, అంచులు మెరుస్తూ, ఒకదాని మీంచి ఒకటి తేలుతూ. పాలలోని కొవ్వు బొట్లు అవి. వందల కొద్దీ. నా ఒంట్లోంచి వచ్చిన ఒక్క బొట్టును అన్ని నీళ్లలో కలిపాక కూడా అన్ని ఉన్నాయి. ఎవరో ఆకాశాన్ని పలచగా చేసి పోసినట్టుంది. నేను నా కూతురికి రోజూ ఇస్తున్నది ఇదని నాకు ఎవరూ చూపించలేదు. కొవ్వు శాతం ఎంతో పరీక్షలో రాశాను గానీ, చూడలేదు.

“నీళ్లయితే గిన్ని దీపాలుండవు,” అంది పోసవ్వ. “ఇగ మీరు పట్టుండ్రి ఒకటి.”

“నేనా?”

“స్కేలుతోని కొట్ట. పట్టుండ్రి.”

పాపను ఆమె తీసుకుంది. గోడ వైపు తిరిగి పాపను తొడల మీద పడుకోబెట్టుకొని, మెడ మాత్రం తెర వైపు తిప్పింది. నేను చక్రం పట్టుకున్నాను. వెలుగు బిందువు తెర మధ్యలో ఉంది. గాజుపలకను జరుపుతూ ఒక్కో బొట్టునూ దాని దగ్గరకు తెచ్చాను. చాలా తప్పించుకుపోయాయి. చివరికి ఒకటి నిలబడింది. చుక్కలా నిలబడింది. కొంచెం కూడా చలించలేదు.

“చూడు పోసవ్వా, దొరికింది. ఎంత నిలకడగా ఉందో.”

ఆమె నవ్వింది. నవ్వుకు పాప ఉలిక్కిపడి మళ్లీ పడుకుంది.

“అది దొరకలే బిడ్డా. అద్దానికి అంటుకున్నది. నిలకడ కాదది, సచ్చిపడ్డట్టు. సుమన్ సారు గుడ మొదట్ల గట్లనే మురిసిండు.”

మేడం అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

ఆమె వేలు చాపి, మైక్రోస్కోపు దీపం ఉంచి, లేజరు వెలుగు మాత్రం తీసేసింది. తీసేసినా ఆ బొట్టు అక్కడే ఉంది. నిజమే, గాజుకు అతుక్కుపోయింది. మళ్లీ వెతికాను. మరొకటి దొరికింది. ఇది వణుకుతోంది. ఎటూ పోదు, కుదురుగానూ ఉండదు. ఉన్నచోటే అటూ ఇటూ, పైకీ కిందికీ. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ కొడుతుంటే అలా వణుకుతుంది. అది నాకు తెలిసిన విషయమే. అయినా నా చేతులు లేజరు బలం పెంచే మీట మీదకు పోయాయి, వణుకు ఆపుదామని.

“పెంచకు,” అంది పోసవ్వ. గొంతు మారింది. “హైదరాబాద్ల ఒకసారి పెంచిన. అది పూస కాదు, పానమున్న కణం. మస్తు వణుకుతున్నదని, గట్టిగ పట్టుదామని పెంచిన. గడియల మాడిపోయింది. సుమన్ సారు ఏమనలే. నేను ఆ దినం బువ్వ తినలే.”

మీట వదిలేశాను.

బొట్టు వణుకుతూ ఉంది. తరువాత ఆమె మూల నుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం తెమ్మంది. దాన్ని తెర మీద అంటించమంది. స్కెచ్ పెన్ను చేతికిచ్చింది. హైదరాబాదులో కంప్యూటరు చెడిపోయిన రోజుల్లో ఇలాగే చేసేవాళ్లట.

“నేను ఊ అన్నప్పుడల్ల పూస ఏడున్నదో ఆడ చుక్క పెట్టు. ఊ.”

పెట్టాను.

“ఊ.”

పెట్టాను. రెండో చుక్క మొదటి చుక్కకు కుడివైపు కిందికి పడింది.

“ఆగు. గా రెండు చుక్కలను కలిపి గీత గియ్యి. గట్లనే ముందటికి గుంజు. పూస ఏడికి వోతున్నది?”

గీత తెర అంచు దాటి బయటికి పోయింది.

“బయటికి పోతోంది.”

“పోయిందా మరి?”

బొట్టు ఎక్కడున్నది అక్కడే ఉంది. వణుకుతూ.

“ఇగ పెట్టు. ఊ. ఊ. ఊ.”

నలభై చుక్కలు పెట్టించింది. నలభై రెండో, నలభై మూడో, మధ్యలో లెక్క తప్పాను. పాపను జోకొడుతున్న చేతి లయకే ఆమె ఊ అంటోంది. అయ్యాక చూస్తే చుక్కలన్నీ ఒక గుంపుగా, నువ్వుల గింజలు చల్లినట్టున్నాయి. ఏ రెండూ ఒక చోట లేవు. కానీ గుంపు నడుమ ఎక్కడుందో చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది. వెలుగు బిందువు సరిగ్గా అక్కడే ఉంది.

నేను పిల్లలకు చెబుతూ ఉంటాను, ఒక్క కొలతను నమ్మొద్దని, రెండు కొలతలతో గీత గీయొద్దని. ప్రాక్టికల్ రికార్డులో అలా గీస్తే ఎర్ర ఇంకుతో కొట్టేస్తాను. నోట్‌బుక్ తీశాను. ఆమె అడగలేదు. టార్చి కింద గ్రాఫు కాగితం మీద మూడు వారాల కొలతలూ చుక్కలుగా పెట్టాను. నలభై రెండు చుక్కలు. పాలు తాగాక తూచినవి పైన, తాగకముందు తూచినవి కింద. తువ్వాలు తడిసి ఉన్న రోజు పైకి, పొద్దునే రెండుసార్లు దొడ్డికి పోయిన రోజు కిందికి. వారానికి ఒక గుంపు చొప్పున సగటు కట్టాను. మొదటి వారం రెండు వేల తొమ్మిది వందలు. రెండో వారం మూడు వేల తొంభై. మూడో వారం మూడు వేల రెండు వందల డెబ్బై. వారానికి నూట ఎనభై గ్రాములు పెరిగింది. డాక్టరమ్మ ఏది చెప్పిందో అదే.

పోసవ్వకు చూపించాను. అంకెలు చదవడం ఆమెకు రాదు. గుంపులను చూసింది. ఒకదాని కంటే ఒకటి మెట్టు మీదున్న మూడు గుంపులు.

“ఎక్కుతున్నది గద,” అంది. “నువ్వు అంటుకున్న పూసను అడిగినవ్. పానమున్న పూస కుదురుగుంటదా?”

“నీ బిడ్డను నువ్వెప్పుడూ తూచలేదా?”

“ఎందుకు జోకలే? కార్ఖానల ఆకు జోకే కాంట ఉండె. మున్షి బయటికి వోయినప్పుడు పోరిని ఆకు తట్టల పెట్టి జోకిన. ఆడోళ్లందరు నవ్వబట్టిరి. ఎంతున్నదో యాదికి లేదు. మున్షి వచ్చి తిట్టినయన్ని యాదికున్నయి. అదిప్పుడు మద్నూర్ల ఉంటది. ఫోన్ చేస్తే, అమ్మా నువ్వు తిన్నవా అని అడగది, నీ పూస తిన్నదా అని అడుగుతది.”

ఇంటికి వెళ్లి గ్రాఫు కాగితం అత్తమ్మ ముందు పెట్టాను. ఆమె కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూసింది. “గీ చుక్కలేంది, నాకేం సమజైతలేదు,” అంది. భూమేశ్ పక్కన కూర్చుని, వరి మళ్లలో ఒక్క కంకి గింజలు తూచి దిగుబడి రాయరని, మడి మొత్తం చూస్తారని చెప్పాడు. అది ఆమెకు అర్థమైంది. “గట్లయితే ఇంకో వారం చూద్దాం తియ్యి,” అంది. డబ్బా మూత ఇప్పటిదాకా తీయలేదు. డబ్బా వంటింట్లోనే ఉంది. భయం కూడా పూర్తిగా పోలేదు. పోయిందంటే అబద్ధం.

ఆ రోజు నేను చీకటి గదిలోంచి బయటికి వస్తుంటే పోసవ్వ పాపను నా చేతుల్లో పెట్టింది. పెట్టేముందు ఒక్క క్షణం తన అరచేతుల్లో ఊరకే పట్టుకొని ఉంది, బరువు చూస్తున్నట్టు కాదు, మరేదో వింటున్నట్టు.

“బేస్తారం బేస్తారం జోకు బిడ్డా,” అంది. “పొద్దుగాల, పాలియ్యకముందు, బట్టల్లేకుంట. ఒక్కటే సారి. అది గుడ రాసుకొని మర్చిపో. నడుమల జోకబుద్దయితే ఇటు వచ్చి నన్ను జోకు. మిగిలిన ఆరు దినాలు ఎత్తుకునెటందుకే ఎత్తుకో. అది తన్నుతది, ఏడుస్తది, ఒకనాడు మస్తు తాగుతది, ఒకనాడు తాగది. తన్ననీ. వణకనీ. నువ్వు గా చుట్టుపక్కల్నే ఉండు, గంతే. గట్టిగ పట్టుడు నీ పని కాదు.”

ఇది చెప్పి ఆరు వారాలైంది. గురువారం పొద్దున ఒక్కసారే తూస్తున్నాను.